పాచిపని

ఈ సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుంది. నేను నా మామూలు ప్రకారం ఇత్తడి చెంబు చింతపండు పెట్టి తోమి, నిండా నీళ్ళు పట్టి, మోటారు దిమ్మ మీద పెట్టి మూత వేశాను. అది కాస్సేపు నన్నూ చెంబునీ మార్చి మార్చి చూసింది.

"ఆ చెంబెడు నీళ్ళూ ఎవరికోసం అమ్మా?" అంది.

"నీ చిన్నప్పట్నుంచీ పెడుతూనే ఉన్నాను కదే!"

"అందుకే అడుగుతున్నా. ఎందుకూ అని?"

నాకు చప్పున జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు ఎదురు ప్రశ్న వెయ్యడం తల్లుల జన్మహక్కు. "ముందు నా ప్రశ్నకి నువ్వు చెప్పు. ఇన్నేళ్ళయింది నువ్వు ఉద్యోగంలో చేరి. ఎదురింటావిడ 'మీ అమ్మాయి ఏం పని చేస్తుందండీ' అని అడిగితే, 'ఏదో కంప్యూటర్లండీ' అని నీళ్ళు నములుతున్నాను. అసలు నువ్వు చేసే పనేమిటి?" అన్నాను.

అది కాఫీ గుటక వేసి, "పాచిపని" అంది.

నా గుండె గతుక్కుమంది. గాజులమ్మి దాన్ని ఇంజనీరింగు చదివించింది ఇందుకా అనుకున్నాను.

"నిజం అమ్మా. మేం చేసే పనికి ఇంగ్లీషులో ఉన్న పేరే అది. కెర్నెల్ జానిటర్లు అంటారు. జానిటరంటే ఊడ్చి, తుడిచి, చెత్త ఎత్తిపోసే మనిషేగా! కంప్యూటరు పొద్దున్నే నిద్ర లేవగానే చేసుకునే పనులు కొన్నుంటాయి. వాటిలో అక్కర్లేనివి ఏరి పారేస్తూంటాను."

అదున్న నాలుగు రోజులూ అరిసెల పాకం దగ్గరా, ముగ్గుల దగ్గరా నేనడగడం, అది చెప్పడం. అది వెళ్ళాక పుస్తకాలు తెప్పించుకుని నేనూ తిరగేశాను. పాచిపనికి కూడా ఓ చరిత్ర ఉంటుందని నాకప్పుడే తెలిసింది. నాకర్థమైనంత మేరకు మీకూ చెబుతాను. కంప్యూటరు పేరు వినగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఉన్నదంతా మన వంటింటి వ్యవహారమే.

కెర్నెల్ అంటే గింజ లోపలి పప్పు. బాదంకాయకి పప్పెలాగో కంప్యూటరుకి ఇదలాగ. పైకి మనకి కనిపించేవన్నీ పెంకులూ తొక్కలూను. లోపల కూర్చుని ఎవరికి ఎంత చోటివ్వాలి, ఎవరి వంతు ముందు, ఎవరు ఎవరి సామాను ముట్టుకోకూడదు అని తీర్పులు చెప్పేది కెర్నెల్. ఒక్క బాత్రూమున్న ఇంట్లో పదిమంది చుట్టాలు దిగినప్పుడు ఇల్లాలు చేసే పని ఉంది చూశారూ, అచ్చంగా అదే.

స్విచ్చి వేసిన క్షణాన కంప్యూటరుకి తన సంగతి తనకే తెలియదు. తన దగ్గర జ్ఞాపకం దాచుకునే చోటు ఎంతుందో తెలియదు. గడియారం నడుస్తోందో లేదో తెలియదు. అవన్నీ ఒక్కొక్కటే తడుముకుని సర్దుకోవాలి. లినక్స్ అనే కెర్నెల్లో ఈ సర్దుళ్ళన్నిటికీ ఒక పెద్ద జాబితా ఉంది. దాని పేరు 'స్టార్ట్ కెర్నెల్'. ముందు ఇది, తర్వాత అది అని వరస తప్పకుండా చేసుకుపోతుంది. ఆ వరస తప్పితే కొంప మునుగుతుంది. పొయ్యి వెలిగించకుండా ఎసరు పెట్టలేం కదా! కొంత సర్దుడు అయ్యేదాకా బయటినుంచి ఎవరు తలుపు తట్టినా తియ్యదు కూడాను. తలదువ్వుకోకుండా వీధి తలుపు తియ్యని ఇల్లాలల్లే. అన్నీ అయ్యాక ఒకటో నంబరు ప్రోగ్రాముని లేపి, ఇంక ఇల్లు నువ్వు నడుపుకో అంటుంది.

ఈ లినక్స్ పుట్టింది ఫిన్లాండు దేశంలో, హెల్సింకిలో. లినస్ టోర్వాల్డ్స్ అని ఓ ఇరవయ్యొక్కేళ్ళ విద్యార్థి. 1991 జనవరిలో వాయిదాల మీద ఒక కంప్యూటరు కొన్నాడు. దాని లోపలి యంత్రం '386' రకం. ఆ ఏడు ఆగస్టు 25న, నేనో చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, సరదాకేలెండి, పెద్దదేం కాదు అని తోటివాళ్ళకి తెలియజేశాడు. సెప్టెంబరులో బయటికొచ్చిన మొదటి ప్రతి పదివేల పంక్తులో ఏమో. డబ్బు పంపుతామన్న వాళ్ళతో, డబ్బొద్దు, మీ ఊరి పోస్టుకార్డు పంపండి అన్నాడట. మంచి కుర్రాడే!

ఆ పదివేల పంక్తులూ ఇవాళ మూడు కోట్లు దాటాయి. ఆండ్రాయిడ్ రకం సెల్‌ఫోన్లన్నిటి లోపలా ఉన్న పప్పు అదే. 2021లో అంగారకుడి మీద ఎగిరిన బుల్లి హెలికాప్టరు 'ఇంజెన్యుటీ'లో కూడా లినక్సే ఉందిట. ఒంటి నిట్టాడి పాక కాస్తా మండువా లోగిలి అయి, ఆ పైన మేడ అయిందన్నమాట. ఇల్లు పెరిగిందంటే అటక కూడా పెరిగినట్టే. అటక పెరిగిందంటే, ఎవరో ఎప్పుడో పెట్టిన సామాను, ఎందుకు పెట్టారో తెలియక ఎవరూ తియ్యని సామాను, పెరిగినట్టే.

ముందుగా అన్నిటికన్నా చిన్న సామాను సంగతి చెబుతాను. సున్నా.

కెర్నెల్‌ని 'సి' అనే భాషలో రాస్తారు. అంకెలు దాచుకోవడానికి అందులో పేర్లు పెట్టిన డబ్బాలుంటాయి. వాటిలో ఒక రకం డబ్బాల్లో మనం ఏమీ వెయ్యకపోతే మొదట్లో సున్నాయే ఉంటుందని ఆ భాషే హామీ ఇస్తుంది. అయినా రాసేవాళ్ళు, ఎందుకైనా మంచిదని, 'ఇందులో సున్నా వేస్తున్నాను' అని మళ్ళీ రాసేవారు. కడిగిన కంచం మళ్ళీ కడిగినట్టు. పోనీ కడిగితే వచ్చే నష్టమేమిటీ అంటారా? నష్టం ఉంది. మనం రాసిందాన్ని యంత్రానికి పనికొచ్చేలా మార్చి మూట కట్టే ప్రోగ్రాము ఒకటుంది. మీరు ఏమీ రాయకపోతే అది, 'ఊరెళ్ళాక పది ఖాళీ డబ్బాలు కావాలి' అని చీటీ రాసుకుంటుంది. సున్నా అని రాశారో, పాపం, ఆ ఖాళీ డబ్బాలని కూడా జాగ్రత్తగా మూటలో కట్టి మోసుకొస్తుంది! అప్పట్లో కెర్నెల్ మొత్తం ఒక ఫ్లాపీలో పట్టాలి. ఆ ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటో కూడా ఇవాళ అందులో పట్టదు. అంత చిన్న పెట్టెలో ఖాళీ డబ్బాలు మోస్తారా ఎవరైనా?

అందుకని పాచిపని వాళ్ళు దిగారు. 2000 ఆ ప్రాంతాల, బ్రెజిల్ దేశస్థుడు అర్నాల్డో కార్వాల్యో డి మెలో అనే ఆయన 'కెర్నెల్ జానిటర్లు' అనే బృందాన్ని మొదలుపెట్టాడు. ఊడ్చాల్సిన పనుల జాబితా ఒకటి తయారుచేసుకున్నారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అందులోంచి ఒకటి తీసుకుని చేసేవారు. అక్కర్లేని సున్నాలు తుడిపెయ్యడం అందులో ఒకటి. కొత్త కోడలికి మొదటి రోజే పులిహోర పోపు అప్పజెప్పరుగా! ముందు బియ్యంలో రాళ్ళు ఏరమంటారు. రాళ్ళు ఏరుతూ ఏరుతూ ఆ అమ్మాయికి ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలిసిపోతుంది. మా అమ్మాయి కూడా అలాగే నేర్చుకుందిట.

ఇందులో తమాషా ఏమిటంటే, 2003లో మూట కట్టే ప్రోగ్రాముకే తెలివొచ్చింది. మీరు సున్నా అని రాసినా, ఇది ఖాళీ డబ్బాయేలే అని వదిలేసి రావడం నేర్చుకుంది. అంటే సున్నాలు తుడిపెయ్యాలన్న నియమానికి ఉన్న అసలు కారణం తీరిపోయింది. నియమం మటుకు ఉండిపోయింది! 2007లో, రాసుకొచ్చిన మార్పుల్ని తనిఖీ చెయ్యడానికి ఒక చిన్న ప్రోగ్రాము కెర్నెల్లో చేరింది. సున్నా అని రాసిన పంక్తి కనబడితే అది అభ్యంతరం చెబుతుంది. "మీ నియమానికే బూజు పట్టిందే!" అన్నాను. "చదవడానికి శుభ్రంగా ఉంటుంది కదమ్మా" అని నసిగింది. మడి వస్త్రం ఎందుకత్తయ్యా అంటే మా అత్తగారూ అచ్చం అలాగే నసిగేవారు.

కెర్నెల్ పాచిపనిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. లేవగానే చేసి, మళ్ళీ ఆ రోజంతా అక్కర్లేని పనులుంటాయి చూశారూ, వాటి మీద 'ఇది మొదట్లోకి మాత్రమే' అని గుర్తు పెడతారు. సన్నాహాలు ముగిశాక కెర్నెల్ ఆ గుర్తున్న భాగాలన్నిటినీ తుడిచేసి, అవి ఆక్రమించిన చోటు తక్కినవాళ్ళకి పంచుతుంది. వాడని చోటు ఇంత విడుదల చేస్తున్నాను అని తెర మీద ఒక పంక్తి రాస్తుంది కూడాను. పెళ్ళయ్యాక పందిరి విప్పేసి, వెదుళ్ళు వెదుళ్ళవాడికీ, తాటాకులు పొయ్యిలోకీ పంపేస్తామే, అలాగ. మన ఇళ్ళల్లో పెళ్ళయిన మూడేళ్ళకి కూడా పందిరి గుంజ ఒకటి వాకిట్లో మిగిలిపోయి కాళ్ళకి తగులుతూనే ఉంటుంది. ఈ విషయంలో మనం కెర్నెల్ దగ్గర నేర్చుకోవాలి.

అయితే తుడవడానికి వీల్లేకుండా వేళ్ళూనుకుపోయే సామాను వేరే ఉంది. అది భయం. ఒకప్పుడు ఏదో చెడు జరిగుంటుంది. మళ్ళీ జరక్కుండా ఒక జాగ్రత్త పెట్టుకుంటాం. చెడు పోతుంది, జాగ్రత్త ఉండిపోతుంది.

1994లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసరు ప్రధాన సంఖ్యల మీద ఏవో లెక్కలు చేస్తూ, ఎంత సరిచూసినా సమాధానం కుదరక తల పట్టుకున్నాడు. తన తప్పు కాదని తేల్చుకునేసరికి నెలలు పట్టింది. తప్పు ఇంటెల్ కంపెనీ కొత్తగా తెచ్చిన పెంటియం చిప్పుది. కొన్ని కొన్ని భాగహారాల్లో అది తప్పు చేస్తోంది. 4195835ని 3145727తో భాగిస్తే 1.3338 రావాలి, దానికేమో 1.3337 వచ్చేది. ఇంతోటి తేడాకేనా అంటే, అంతోటి తేడాకే ఇంటెల్ చివరికి అడిగినవాళ్ళందరికీ చిప్పులు మార్చి ఇస్తానని ఒప్పుకోవలసి వచ్చింది. దానికి పెట్టుకున్న ఖర్చు 47 కోట్ల 50 లక్షల డాలర్లు.

లినక్స్ జాబితాలో 'చెక్ బగ్స్' అని ఒక పని ఉండేది. అంటే పురుగుల తనిఖీ. యంత్రంలో ఫలానా ఫలానా లోపాలున్నాయేమో పొద్దున్నే చూసుకోవడం. పెంటియం గొడవ తర్వాత అక్కడ ఈ లెక్క కూడా చేరింది. మెషీను లేవగానే 4195835ని 3145727తో భాగించి, తిరిగి హెచ్చవేసి, మొదటి సంఖ్యలోంచి తీసేసి చూసుకుంటుంది. సున్నా వస్తే ఆరోగ్యం. జబ్బు చిప్పయితే 256 వస్తుంది. అప్పుడు, హుం, దీనికి భాగహారం జబ్బుందే అని ఒక మూలుగు మూలిగి ముందుకి వెళ్తుంది. ఆ జబ్బు చిప్పులు చెత్తబుట్టల్లో చేరి ఎన్నేళ్ళయినా, 2015లో చూసినా ఆ లెక్క కెర్నెల్లో అలాగే ఉంది. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక ముసలాయన వీధి తలుపు గడియ వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాడు. ఎప్పుడో ఆయన చిన్నతనంలో దొంగలు పడ్డారట. తలుపు మారింది, గడియ మారింది, దొంగలు కూడా పోయే ఉంటారు. ఆయన లాగి చూసుకోవడం మటుకు మానలేదు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ జాబితా అన్ని జాతుల యంత్రాలకీ ఒక్కటే. లినక్స్ నడిచే యంత్రాల్లో జాతులు చాలా ఉన్నాయి. 'చెక్ బగ్స్' అని పిలుపొచ్చినప్పుడు ప్రతి జాతి వాళ్ళూ పలకాలి. మాకే పురుగులూ లేవు మొర్రో అన్నా వినదు. అందుకని ఆల్ఫా, పవర్‌పీసీ, ఎక్స్‌టెన్సా లాంటి జాతుల వాళ్ళు ఆ పేరుతో ఒక ఉత్త పనిని రాసిపెట్టుకున్నారు. తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు. టీచరు హాజరు పిలుస్తూంటే బడి మానేసిన పిల్లాడి బదులు పక్కవాడు 'ప్రెజెంట్ సార్' అన్నట్టన్నమాట.

మధ్యలో ఒక పెద్ద వీడ్కోలు కూడా జరిగింది. 2012 డిసెంబరులో, ఆ 386 రకం యంత్రాలకోసం పెట్టిన ఏర్పాట్లన్నీ కెర్నెల్లోంచి తీసేశారు. లినస్ కుర్రతనంలో వాయిదాల మీద కొనుక్కున్నది ఆ రకమే. ఇంగో మోల్నార్ అనే హంగరీ దేశస్థుడు ఆ మార్పులు పంపుతూ, అయ్యో, ఇకమీదట మీ 1991నాటి పాత మెషీను మీద కొత్త లినక్స్ లేవదు సుమండీ అని ముక్కు చీదినట్టు రాశాడు. దానికి లినస్ ఇచ్చిన జవాబు, నాకలాంటి సెంటిమెంట్లు లేవు, పీడా పోయింది అని. నేనైతే అలా అనగలనా? మా పెళ్ళినాటి ట్రంకుపెట్టె తుప్పు పట్టి అడుగు ఊడిపోయినా మంచం కిందే ఉంది. కానీ ఆలోచిస్తే ఆయన మాటా సబబే. ఆ ఒక్క ముసలి యంత్రం కోసం ఏ కొత్త ఏర్పాటు చేసినా పది మెలికలు తిప్పవలసి వచ్చేదిట. ఇంట్లో ఒకరికోసం అందరూ చప్పిడి కూర తిన్నట్టు.

ఇంక పురుగుల గది సంగతి. 2018 జనవరిలో 'మెల్ట్‌డౌన్', 'స్పెక్టర్' అని రెండు భయంకరమైన లోపాలు లోకానికి తెలిశాయి. తొందరపడి ముందుగానే ఊహించి పనులు చేసుకుపోయే చిప్పుల అలవాటు వల్ల, ఒకరి రహస్యాలు ఇంకొకరు కూపీ లాగే వీలుందని తేలింది. వాటికి విరుగుళ్ళు ఎక్కడ పెట్టాలి? ఉందిగా పాత పురుగుల గది! అందులోనే పెట్టారు. తర్వాత వచ్చినవీ అందులోనే. చివరికి 2023లో జర్మనీ దేశస్థుడు థామస్ గ్లైక్స్‌నర్, ఈ గది రకరకాల సామాను తెచ్చి పోసే దిబ్బగా తయారైందని చెప్పి, చీపురు పట్టాడు. ఆయన చేసిన విధానం వినండి. దిబ్బని ఒక్కసారిగా ఎత్తిపోయలేదు. ముందు 'ప్రాసెసరు సన్నాహాలు ముగించు' అనే అర్థం వచ్చే పేరుతో వేరే గది కట్టాడు. ఒక్కొక్క జాతి సామానూ విడివిడిగా అందులోకి మార్చాడు. పనికొచ్చే భయాలు అక్కడ సరైన వరసలో కుదురుకున్నాయి. అందరూ మారాక, పాత గదినీ, దాంతోపాటు ఆ 'ప్రెజెంట్ సార్' ఉత్త పనులనీ తీసేశాడు. 1994నాటి పేరు ముప్ఫయ్యేళ్ళకి ఒక్క ఏడు తక్కువగా బతికిందన్నమాట.

"ఇంత చిన్న పనికి అంత జాగ్రత్త దేనికే? ఏమీ లేనిదాన్ని తీసెయ్యడానికి కూడా భయమేనా?" అన్నాను.

"ఏమీ లేదని ఎలా తెలుస్తుంది అమ్మా?" అని దాని వృత్తిలో అందరూ చెవులు పట్టుకుని చెప్పుకునే కథ ఒకటి చెప్పింది.

ఇది కెర్నెల్ కథ కాదు, దాని పక్కింటి కథ. లినక్స్ మీద 'డెబియన్' అనే ఏర్పాటు ఒకటుంది. అందులో రహస్య తాళంచెవులు తయారుచేసే సామగ్రి ఉంది. తాళంచెవి ఎవరూ ఊహించలేకుండా ఉండాలంటే దొరికిన ప్రతి గందరగోళాన్నీ అందులో కలపాలి. 2006లో ఒక తనిఖీ ప్రోగ్రాము, ఇక్కడ మీరు ఏమీ వెయ్యని డబ్బాలోంచి తీసి వాడుతున్నారు అని అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం రెండు పంక్తుల మీదికి చూపించింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. బాగుచేస్తున్నాయన పాపం ముందు అడిగాడు కూడా. పెద్దగా అడ్డు చెప్పినవాళ్ళు లేరు. రెండూ తీసేశాడు. వాటిలో ఒకటి తీసినా ఫరవాలేదు. రెండోది గందరగోళాన్నంతా కలిపే గరిటె! అది పోయాక, లెక్కలేనన్ని రకాలుగా ఉండాల్సిన తాళంచెవులు ఒక్కో కొలతకీ 32,768 రకాలే మిగిలాయి. యంత్రంతో అన్నీ పెట్టి చూడ్డం ఎంతసేపు? దాదాపు రెండేళ్ళ దాకా ఎవరూ కనిపెట్టలేదు. 2008 మేలో బయటపడింది. ఆ మధ్యకాలంలో అక్కడ చేసుకున్న తాళంచెవులన్నీ ప్రపంచమంతటా పారేసి మళ్ళీ చేసుకోవలసి వచ్చింది.

ఆ కథ వింటూంటే నా చెయ్యి పాకం గరిటె మీద ఆగిపోయింది. దానికి ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

నేను కాపురానికి వచ్చేనాటికి మా పెరట్లో చేతిపంపు ఉండేది. రాత్రంతా ఊరుకుంటే దాని లోపలి తోలు వాషరు ఎండిపోయేది. పొద్దున్నే పైనుంచి చెంబెడు నీళ్ళు పోసి నాలుగుసార్లు కొడితే గాని నీళ్ళు ఎక్కేవి కావు. అందుకని మా అత్తగారు రాత్రే చెంబుతో నీళ్ళు నింపి అక్కడ పెట్టుకునేవారు. 1984లో చేతిపంపు తీసేసి మోటారు పెట్టించాం. స్విచ్చి వేస్తే చాలు. అయినా ఆవిడ చెంబు మటుకు మానలేదు. "ఇంకా ఎందుకత్తయ్యా?" అని నేనెప్పుడూ అడగలేదు. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఆ చెంబు మీద నా కన్ను ఎప్పట్నుంచో ఉంది. మంచి పాతకాలం ఇత్తడి. ఒకసారి ఆవిడ మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు దాన్ని తళతళా తోమి హాల్లో షోకేసులో పెట్టేశాను. వచ్చినవాళ్ళు బాగుందంటే మురిసిపోయాను కూడా.

మూడో రోజు పొద్దున్న మోటారు స్విచ్చి వేసి, పాలు పొయ్యి మీద ఉన్నాయని లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పెరడంతా కాలిన వాసన. నీళ్ళు చుక్క రాలేదు. మెకానిక్కు వచ్చి చూసి, గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు కారుతోందమ్మా, రాత్రి నీళ్ళన్నీ దిగిపోతే మోటారు ఉత్తినే తిరిగి బిగుసుకుపోయింది, వైండింగు కాలిపోయింది అన్నాడు. "ఇదివరకు రోజూ ఇందులో నీళ్ళు పోసేవారే, ఈ మూడు రోజులూ పొయ్యలేదా?" అనడిగాడు. అప్పుడు తెలిసింది. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మోటారు మూతి విప్పి, ఆ చెంబెడు నీళ్ళూ పోసి అప్పుడు స్విచ్చి వేసేవారు. మేమెవ్వరం నిద్ర లేవకముందే అయిపోయే పని అది. పది రోజులు పక్కింటి నూతినుంచి బిందెలు మోశాను. నడుం పడిపోయింది.

ఆవిడ ఊర్నుంచి వచ్చాక నన్ను పల్లెత్తు మాట అనలేదు. షోకేసులో చెంబు చూసి, "తీసేముందు ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదా అమ్మాయ్" అన్నారు. అంతే. "పెట్టేటప్పుడు మీరైనా ఒక్కమాట చెప్పలేదు కదత్తయ్యా" అని నా నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. ఇప్పుడాలోచిస్తే రెండు మాటలూ సరైనవే. తీసేవాళ్ళు అడగాలి. పెట్టేవాళ్ళు చెప్పాలి.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే మాకు రాసిపెట్టే పద్ధతి వచ్చిందమ్మా" అంది. 2005 ఏప్రిల్లో ఆ లినసే 'గిట్' అని ఒక పద్దు పుస్తకం లాంటిది తయారుచేశాడట. కెర్నెల్లో ఏ పంక్తి ఎవరు ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు, అందులో ఉంటుంది. ఏ పంక్తి మీద వేలు పెట్టినా పెట్టినవాళ్ళ పేరు చెప్పే ఆజ్ఞ ఒకటుందిట. దాని పేరు 'బ్లేమ్'. అంటే నింద! ఎవరి పని ఇది అని నింద వెయ్యడానికి మన ఇళ్ళల్లో ఏ పరికరమూ అక్కర్లేదు, ఎప్పట్నుంచో ఉన్న సౌకర్యమే. లేనిదల్లా 'ఎందుకు' అన్నది రాసిపెట్టే పుస్తకం. కెర్నెల్లో కూడా 2002కి ముందు పెట్టినవాటికి అలాంటి వరస పద్దు లేదట. అప్పటి సామాను తియ్యాలంటే ఇప్పటికీ ఊహించుకోవలసిందే. మా అత్తగారి హయాములాగే.

"ఇంతకీ 2003లో మనం సబ్‌మెర్సిబుల్ వేయించాం కదా?" అంది. "ఆ పంపు నీళ్ళల్లోనే మునిగి ఉంటుంది. దానికి చెంబుతో నీళ్ళు పొయ్యడానికి చోటు కూడా లేదు. మరి ఇన్నేళ్ళనించీ ఈ చెంబు..."

నేను లెక్క వేసుకున్నాను. ఇరవయ్యేళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే పిలుపుకి 'ప్రెజెంట్ సార్' అంటోంది నేనేనన్నమాట! మా అత్తగారి చెంబుకి కారణం ఉంది. నా చెంబుకి భయం తప్ప ఏమీ లేదు. భయం కూడా కాదేమో. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. అడగనందుకు కట్టుకుంటున్న జరిమానా కాబోలు.

ఆ సాయంత్రం పచ్చళ్ళ కొలతలు రాసుకునే నోటుబుక్కు తీసి, వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. 'మోటారు దగ్గర చెంబు. పెట్టింది మా అత్తగారు. మొదట్లో చేతిపంపు వాషరు తడపడానికి, తర్వాత ఫుట్‌వాల్వు కారుతున్నందుకు. తీసింది నేను. నీళ్ళలో మునిగుండే పంపు వచ్చింది గనక అక్కర్లేదు. మళ్ళీ పైన మోటారు పెట్టిస్తే, ముందు వాల్వు చూసుకోవాలి' అని రాశాను. రాశాక ఊరుకోబుద్ధి కాలేదు. మా ఇంట్లో పొద్దున్నే నా చేతులు వాటంతటవే చేసే పనులన్నీ వరసగా రాస్తూ పోయాను. బియ్యం డబ్బా తెరిచేముందు మూత మీద రెండుసార్లు తట్టడం. కొత్త చీపురు మొదట పెరట్లో వాడి తర్వాత ఇంట్లోకి తేవడం. ఊరగాయ జాడీ వాసెన గుడ్డ ఎప్పుడూ ఎడమవైపు ముడెయ్యడం. ఇరవై రెండు తేలాయి. పక్కన 'ఎందుకు' అని గీత గీసిన గడిలో తొమ్మిదింటికి రాయగలిగాను. తక్కిన పదమూడూ ఖాళీ. వాటిలో ఏవి ఉత్త సున్నాలో, ఏది పాకం కలిపే గరిటో నాకు తెలియదు. అడగాల్సినావిడ లేరు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు చేసే పనుల్లో మీకు చాదస్తంగా కనిపించేదాన్ని ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకూ అని ఈ పూటే అడగండి. మానిపించడానికి కాదు, రాసిపెట్టుకోవడానికి. ఏం రాశారో చదివాక మీ కోడలు దాన్ని మానేస్తుందో చేస్తుందో, అది ఆవిడ ఇష్టం.

మర్నాడు పొద్దున్న మావారు పెరట్లోంచి కేకేశారు, "ఏమోయ్, మోటారు దగ్గర చెంబు కనబడదేం?" అని.

"పచ్చళ్ళ పుస్తకంలో రాశాను, వెనకవైపు చూసుకోండి" అన్నాను.